ఉప్పందించిందెవరు

లియెపాయలో గాలికి ఊరంతా సొంతిల్లే.
తలుపు తట్టదు, వచ్చేస్తుంది.
అందుకేనేమో ఇక్కడి మనుషులం
తలుపులు గట్టిగా వేసుకుంటాం, నోళ్ళు కూడా.

గురువారం ఏడింటికి
ఎర్ర ఇటుకల చర్చి కింద, నేలమాళిగలో
పదకొండు కుర్చీలు.
ఒకటి కుంటిది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి అదే.
పేరు ఒక్కటే చెప్పాలి.
ఇంటిపేరు గుమ్మం దగ్గరే విడిచిరావాలి,
మంచు అంటిన బూట్లతో పాటు.
నేను ఐగార్స్‌ని, మందు మానేసి పంతొమ్మిది నెలలు.
హీటర్ పక్కన కూర్చునేది వెల్గా.
టీ పోసేవాడు తాలివాల్డిస్.
వాళ్ళ బతుకుల్లో అన్నిటికన్నా చీకటి రాత్రి ఏదో
నాకు తెలుసు.
ఉండే వీధి తెలియదు.
ఆ తెలియకపోవడం మీదే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

ఫిబ్రవరిలో ఫోన్ తనంతట తాను కొత్తదైంది.
ఏదో అడిగింది, సరేనన్నాను,
ఎవరో తుమ్మితే చిరంజీవ అన్నట్టు.

ఆ రాత్రి ట్రామ్ షెడ్డులో
నల్ల రొట్టె మీద చేపముక్క పెట్టుకుంటుంటే వెలిగింది:
వీళ్ళు మీకు తెలిసి ఉండొచ్చు.

వెల్గా. ఇంటిపేరుతో సహా.
ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను.
వెనక నల్లబల్ల, చేతిలో సుద్దముక్క.
మా లీవాకి లెక్కలు చెప్పే టీచరు.
తల్లిదండ్రుల్ని పిలిచిన ఏ సాయంత్రమూ
నేను వెళ్ళే స్థితిలో లేను, అందుకే తెలియలేదు.
కింద తాలివాల్డిస్, భార్యతో, నీలం పడవతో.
ఆ కింద,
నెల రోజులుగా ఒక్క మాటా మాట్లాడకుండా
కుంటి కుర్చీలో కూర్చుని వెళ్ళిపోయే కుర్రాడు.
తనే చెప్పేదాకా ఆగుదామనుకున్నాం పేరు.
ఆగే పని లేకుండా చేసింది.

ఎవరు ఉప్పందించారు?
తాళాలు తీసే ముసలామె కాదు.
పదకొండు జేబుల్లో పదకొండు ఫోన్లు
వారం వారం ఒకే గోడల మధ్య
గంటన్నరసేపు పడుకుని
ఒకదాన్నొకటి వాసన పట్టాయి, అంతే.

గోడలకు చెవులుండే రోజుల్లో బతికాడు మా తాత.
ఆ చెవులకి ఒక మనిషుండేవాడు,
వీధి చివర చలికి కాళ్ళు మార్చుకుంటూ.
తాత ఒకసారి అతనికి అగ్గిపెట్టె ఇచ్చాడట.
దీనికి అగ్గిపెట్టె ఎక్కడ ఇస్తాం?
దీనికి ఎవరి మీదా పగ లేదు.
కలపాలనే తాపత్రయం, పాపం,
పెళ్ళిళ్ళ పేరయ్య.

తీసెయ్యి అని నొక్కాను.
ఎందుకు? అంది. కారణాలు చూపించింది.
తెలియని వ్యక్తి: అబద్ధం.
ఇష్టంలేని వ్యక్తి: ఇంకా పెద్ద అబద్ధం.
ఆమె నాకు చెప్పలేదు కనుక,
అనే కారణం జాబితాలో లేదు.

అప్పుడు తట్టింది, నన్నూ వాళ్ళకి చూపించి ఉంటుందని.
నా ఫొటో పాతది. చేతిలో గ్లాసు.

మరుసటి గురువారం ఏడుగురం.
తాలివాల్డిస్ టీ పోస్తూ కప్పులనే చూశాడు.
కుర్రాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.
కుంటి కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.
ఫోన్లు ఇళ్ళలో వదిలి వద్దాం అన్నారెవరో.
సరే అన్నాం,
పాలు పొంగిపోయాక పొయ్యి ఆర్పినట్టు.

శనివారం లీవా నా దగ్గరుండే రోజు.
బజారు దగ్గర ట్రామెక్కింది వెల్గా,
సంచిలో దుంపలు, మెడకి ఆకుపచ్చ శాలువా.
నేను కిటికీలోంచి మంచు చూశాను.
ఆమె అటు కిటికీలోంచి అదే మంచు చూసింది.
"టీచర్!" అని అరిచింది మా పిల్ల.

ఇక తప్పదు.
దగ్గరికొచ్చింది.
"మీ నాన్నగారా?" అంది,
ఎన్నడూ నా ఏడుపు విననట్టు.
చెయ్యి చాపి తన పేరు చెప్పింది,
మొత్తం పేరు, నింపాదిగా, ఇంటిపేరుతో.
వేళ్ళు చల్లగా ఉన్నాయి.
అప్పుడే తెలిసినట్టు
తలూపాను.